బతుకమ్మ పాట రెడీ అయింది: ఛానెల్‌కు అమ్మాల్నా, సొంతంగా వదలాల్నా?

పానగల్లు ఉయ్యాల (నల్లగొండ)
అందరికీ నమస్తే. 4 నిమిషాల 20 సెకన్ల బతుకమ్మ పాట, ఆడియో పని అయిపోయింది. రాసింది ఒకరు, బాణీ ఒకరు, పాడింది ఇద్దరు, ట్రాక్ చేసింది హైదరాబాద్‌ల ఒక స్టూడియో. లక్షల సబ్‌స్క్రైబర్లున్న ఛానెల్ ఒకటి ఒకేసారి డబ్బులిచ్చి మొత్తం తీసుకుంటమంటున్నది. వీడియో కూడా వాళ్లే తీస్తరట. మా ఛానెల్‌కు 640 మంది సబ్‌స్క్రైబర్లున్నరు. ఇచ్చేయాల్నా, సొంతంగా వదలాల్నా? సొంతంగా అయితే పెత్రమాస (బతుకమ్మ మొదలయ్యే అమావాస్య) లోపల ఏమేం చేయాలె? ఇంకోటి, మాఘమాసంల చెర్వుగట్టు జాతరప్పుడు పక్క ఊర్లల్ల ప్రోగ్రాం అడుగుతున్నరు. మూడు డప్పులు, ఒక డోలక్, కీబోర్డు, ఇద్దరు సింగర్లు. సౌండ్ వాళ్లకు ఏం చెప్పాల్నో కూడా చెప్పుండ్రి.

మిర్యాలగూడ రోడ్‌షో
ఛానెల్‌కే ఇయ్యుండ్రి అన్నా. 640 మందితోని పండుగ నాటికి పాట ఊర్లకు పోదు. వాళ్ల దగ్గరైతే మొదటి రోజే పోతది. పాట జనంల పడితే ప్రోగ్రాంలు వాటంతట అవే వస్తయి.

హక్కుల కాగితం (మహబూబ్‌నగర్)
ఇవ్వొచ్చు, కానీ ఏం ఇస్తున్నారో విడదీసి చూసుకోండి. పాట అంటే ఒక్క ఆస్తి కాదు, మూడు. సాహిత్యం రచయితది. బాణీ స్వరకర్తది. రికార్డింగ్, అంటే మాస్టర్, నిర్మాతది. కాపీరైట్ చట్టంలో రికార్డింగుకు నిర్మాత ఎవరంటే, దాన్ని తయారు చేయించే చొరవ, బాధ్యత తీసుకున్నవారు. మీరు డబ్బు కట్టి చేయించుకున్నారు కాబట్టి మీరే. అయినా స్టూడియో బిల్లు మీ పేరు మీద తీసుకోండి. "ఈ రికార్డింగుపై మాకు హక్కు లేదు, పారితోషికం ముట్టింది" అని ఒక్క వాక్యం రాయించి సంతకం పెట్టించండి. పాట నడిచినాక ఆ సంతకం దొరకదు.

ఇక వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద వచ్చే ఒప్పందాల్లో మామూలుగా ఉండే మాట: "సర్వహక్కులు, శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా". ఆ మూడింటినీ పట్టుకోండి. చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం కాలం రాయకపోతే అయిదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాది లోపల వాడకపోతే, ఒప్పందంలో వేరేగా రాసి ఉంటే తప్ప, అది తిరిగి మీకే వస్తుంది. అందుకే వాళ్లు "శాశ్వతంగా" అని తప్పకుండా రాస్తారు. దాన్ని కొట్టేసి "మూడేళ్లు" అని రాయించి, కొట్టివేత పక్కన ఇద్దరూ సంతకం పెట్టండి.

2012 సవరణ తర్వాత ఇంకో రక్షణ ఉంది. రచయితకు, స్వరకర్తకు వచ్చే రాయల్టీలో సమాన వాటాను వాళ్లు వదులుకోలేరు. వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఎవరికీ రాసివ్వలేరు. "రాయల్టీ అడగము" అని సంతకం చేసినా ఆ మాట నిలవదు. కానీ ఆ డబ్బు నడిచి ఇంటికి రాదు. రచయిత, స్వరకర్త ఐపీఆర్ఎస్‌లో (రచయితల, స్వరకర్తల రాయల్టీ వసూలు చేసే సొసైటీ) సభ్యులై పాటను అక్కడ నమోదు చేయాలి. పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు ఇసామ్రా (పాత పేరు ఇస్రా) అనే సంఘం ఉంది.

మధ్యే మార్గం: ఛానెల్‌కు వీడియో లైసెన్స్ మాత్రమే, మూడేళ్లకు, యూట్యూబ్‌కే. ఆడియో మొత్తం మీ దగ్గరే. కంటెంట్ ఐడీ (ఇతరుల వీడియోల్లో మీ పాటను యూట్యూబ్ తనంతట పట్టుకునే పద్ధతి) ఎవరు పెడతారో ఒప్పందంలో పేరుతో సహా ఉండాలి. ఇద్దరూ పెడితే రెండు క్లెయిములు కొట్టుకుని, తేలేదాకా సొమ్ము ఎవరికీ రాదు.

కల్వకుర్తి కోరస్
దీనికన్న ముందు ఇంట్ల కాగితం తమ్మీ. మీ అయిదుగురి నడుమ. రాసినవారికి ఎంత, బాణీకి ఎంత, పాడినవాళ్లకు ఒక్కసారి పైసలా, వాటానా. రికార్డింగు మీద వచ్చేదాన్ని ఎట్ల పంచుకుంటరు, ఖర్చు ఎవరు పెట్టిన్రు, అది ముందు తీసుకున్నంక మిగిలిందాంట్ల వాటానా లేక మొదటినుంచే వాటానా. ఒక పేజీ చాలు. పాన్ కార్డుల మీద పేర్లెట్లున్నయో అట్లనే రాయుండ్రి. పాట వచ్చే ముందు రోజు ఎవ్వరు పేచీ పెట్టరు, లక్ష వ్యూస్ దాటినంకనే అందరికీ లెక్క యాదికొస్తది.

పాలమూరు ట్రాక్స్
640 సబ్‌స్క్రైబర్లతోని సొంత ఛానెల్‌ల యాడ్ డబ్బులు రావు. వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్ల 4,000 గంటలు కావాలె, లేదంటే 90 రోజుల్ల కోటి షార్ట్స్ వ్యూస్. 500 మంది, 3,000 గంటల దగ్గర ఒక చిన్న మెట్టుంది గానీ దాంట్ల సూపర్ థ్యాంక్స్, మెంబర్‌షిప్ లాంటివే, యాడ్లు ఉండయి. లెక్కేసుకోండి: పాటను సగటున రెండు నిమిషాలు చూస్తే 4,000 గంటలకు 1,20,000 వ్యూస్ కావాలె. షార్ట్స్ ఫీడ్‌ల చూసిన గంటలు దీంట్ల కలవయి. డబ్బులు కట్టి యాడ్ పెట్టి తెచ్చిన గంటలు కూడా కలవయి.

కానీ డబ్బు రానికి ఛానెల్ ఒక్కటే తొవ్వ కాదు. డిస్ట్రిబ్యూటర్ (పాటను యాప్‌లకు చేర్చే కంపెనీ) ద్వారా ఆడియో వదిలితే యూట్యూబ్ మ్యూజిక్, స్పాటిఫై, జియోసావన్, ఇన్‌స్టాగ్రామ్ ఆడియో లైబ్రరీ అన్నిట్లకు ఒకేసారి పోతది. అక్కడి సొమ్ముకు మీ సబ్‌స్క్రైబర్ల సంఖ్యతో పని లేదు. ఇతరులు మీ పాట మీద వీడియో చేస్తే కంటెంట్ ఐడీతోని అదీ మీకే వస్తది. కొందరు డిస్ట్రిబ్యూటర్లు ఏడాది ఫీజు తీసుకుంటరు, కొందరు ఫీజు లేకుండ వాటా తీసుకుంటరు. ఏడాది ఫీజు కట్టకపోతే పాట తీసేస్తరా అన్నది మొదలే చదువుండ్రి.

చేతిల ఉండాల్సినవి:
24 బిట్ వేవ్ ఫైల్. ఎంపీ3ని వేవ్‌గా మార్చి పంపొద్దు, పోయిన చప్పుడు తిరిగి రాదు. స్టూడియో నుంచి ఫైనల్ ఒక్కటే కాదు, మైనస్ ట్రాక్ (గొంతు లేని పాట), గొంతు ఒక్కటే ఉన్న ఫైల్, స్టెమ్స్ (వాయిద్యాలు విడివిడిగ ఉన్న ఫైళ్లు) కూడా ఇప్పుడే తీసుకోండి. స్టేజి మీద మైనస్ ట్రాక్ లేకుంటే ఏం చేస్తరు?
3000 బై 3000 పిక్సెళ్ల చదరపు కవర్. దాని మీద ఫోన్ నంబరు, యూట్యూబ్ గుర్తు, వెబ్ అడ్రస్ ఉంటే వెనక్కి పంపుతరు.
ఐఎస్ఆర్‌సీ, రికార్డింగుకు 12 అక్షరాల గుర్తింపు. డిస్ట్రిబ్యూటర్ ఇస్తడు. రాసి పెట్టుకోండి. రేపు వేరే డిస్ట్రిబ్యూటర్‌కు మారితే అదే నంబరు ఇయ్యాలె, కొత్తది తీసుకుంటే పాత ప్లేలన్నీ సున్నా నుంచి మొదలైతయి.
పేరు స్పెల్లింగు. సింగర్ పేరు ఒక పాటకు ఒక తీరుగ, ఇంకో పాటకు ఇంకో తీరుగ రాస్తే రెండు ప్రొఫైళ్లు తయారైతయి.

లౌడ్‌నెస్ సంగతి: యూట్యూబ్, స్పాటిఫై రెండూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే సౌండు కొలత) దగ్గరికి తెచ్చి వినిపిస్తయి. మైనస్ 7 దాక పిండి పంపితే వాళ్లు ఆ సౌండును తగ్గిస్తరు. మిగిలేది నలిగిన డప్పే. డప్పు దెబ్బకు ముందుండే ఆ పదును లిమిటర్ (ఎగిసే సౌండును నొక్కేది) కింద పోతది. మైనస్ 10, 11 దగ్గర ఆపి, ట్రూ పీక్ మైనస్ 1 దాటకుండ చూసుకోండి.

పానగల్లు ఉయ్యాల
ట్రాక్‌ల కొన్ని లూపులు (రెడీమేడ్ వాయిద్యం ముక్కలు) వాడిన్రు. కంటెంట్ ఐడీకి ఏమన్న ఇబ్బందా? ఇంకోటి, పల్లవి మా రచననే గానీ బాణీల సగం పాత ఉయ్యాల పాట నడక ఉంటది.

పాలమూరు ట్రాక్స్
లూపుతోని ఇబ్బంది ఉన్నది. అందరికీ అమ్మే రాయల్టీ ఫ్రీ లూపు మీ ఒక్కరిది కాదు గనుక దాన్ని కంటెంట్ ఐడీల పెట్టొద్దు. పెడితే అదే లూపు వాడిన ఇంకొకరి పాటను మీ సిస్టం పట్టుకుంటది, వాళ్లు డిస్ప్యూట్ చేస్తరు, రెండు మూడుసార్లు అట్లయితే డిస్ట్రిబ్యూటర్ మీ కంటెంట్ ఐడీనే బంద్ చేస్తడు. ఏ లూపు విడిగా, గొంతు లేకుండ ఎన్ని సెకన్లు వినిపిస్తున్నదో స్టూడియోను అడుగుండ్రి. మొదట్ల వచ్చే ఎనిమిది బార్లే అయితే అక్కడ లైవ్ డోలక్, డప్పు కొట్టించి మార్చేయండి. ఒక పూట పని.

పాత బాణీ ఎవ్వరి సొత్తు కాదు. కానీ అదే నడకను ఏ సినిమాల్నో వాడి ఉంటే ఆ ఆడియో కంపెనీ సిస్టం మీ గొంతు వరుసను వాళ్ల పాట అనుకొని క్లెయిమ్ వేస్తది. భయపడొద్దు. డిస్ప్యూట్‌ల "సంప్రదాయ జానపద బాణీ, రికార్డింగు, సాహిత్యం మావి" అని రాయుండ్రి. క్లెయిమ్ పడ్డ అయిదు రోజుల లోపల డిస్ప్యూట్ వేస్తే మొదటి రోజు నుంచి వచ్చిన సొమ్ము పక్కన ఉంచుతరు. ఆరో రోజు వేస్తే ఆ రోజు నుంచే. వాళ్లకు జవాబిచ్చే గడువు 30 రోజులు, అప్పీలుకు పోతే 7 రోజులు. అంటే పండుగ తొమ్మిది రోజులు దీంట్లనే పోతయి. అందుకే వీడియోను విడుదలకు పది రోజుల ముందు ప్రైవేటుగ ఎక్కించి పెట్టుకుంటే క్లెయిమ్ ఏదన్న ఉంటే అప్పుడే బయటపడ్తది.

మీ ఛానెల్‌ను డిస్ట్రిబ్యూటర్ దగ్గర అనుమతి జాబితాల పెట్టించుడు మర్చిపోవద్దు. లేకుంటే మీ పాట మీద మీకే క్లెయిమ్ వస్తది.

మిర్యాలగూడ రోడ్‌షో
కంటెంట్ ఐడీ పెట్టుండ్రి గానీ "బ్లాక్" పెట్టొద్దు. "డబ్బు మాకు రానియ్యి" అన్నదే పెట్టుండ్రి. ఊర్ల డీజేలు మీ పాటను రోడ్‌షో మిక్స్ చేసి ఎక్కిస్తరు. వినాయక నిమజ్జనంల, పెండ్లి బరాత్‌ల మోగేది ఆ మిక్సే. బ్లాక్ అయితే తెల్లారే వేరే పాటకు మారుతరు. క్లెయిమ్ మాత్రమే పడితే వీడియో ఉంటది, యాడ్ సొమ్ము మీకొస్తది, అది తప్ప వాళ్లకు వేరే నష్టం లేదు. డీజేలకు 320 ఎంపీ3 ఇయ్యుండ్రి, పాట టెంపో రాసి, మొదట్ల గొంతు లేని నాలుగు బార్లుంచి. వాట్సాప్‌ల ఆడియో లెక్క కాదు, డాక్యుమెంట్ లెక్క పంపాలె. వాయిస్ నోట్ లెక్క పోతే బేస్ ఉండదు.

మామూలు జనానికి మాత్రం ఫైల్ పంపొద్దు, లింకు పంపుండ్రి. ఫైల్ వెయ్యి ఫోన్లకు పోయినా మీకు ఒక్క వ్యూ రాదు.

కల్వకుర్తి కోరస్
తారీఖుల సంగతి. వినాయక చవితికి, పెత్రమాసకు నడుమ సుమారు 26 రోజులు. డిస్ట్రిబ్యూటర్‌కు చవితి నాటికే ఫైల్ పోవాలె. స్పాటిఫై ఎడిటర్లకు పాటను చూపించాల్నంటే విడుదలకు కనీసం ఏడు రోజుల ముందు పిచ్ చేయాలె. విడుదలైన పాటను చేయనియ్యరు. ఎంగిలిపూల నాడు వదిలితే ఆలస్యమే. ఆడబిడ్డలు పాట నేర్చుకొని అడుగు కలుపుకోనికి పది, పన్నెండు రోజులు పడ్తది. పండుగకు రెండు వారాల ముందు పూర్తి పాట, దానికి నాలుగైదు రోజుల ముందు షార్ట్.

షార్ట్‌ల మొత్తం పాటను కోసి పెట్టొద్దు. చప్పట్లు, అడుగు, ఒక్క చరణం, 25 సెకన్లు. కెమెరా పాదాల నుంచి భుజాల దాక కనిపియ్యాలె. మొఖాలు దగ్గరగ చూపిస్తే అడుగు నేర్చుకోనికి రాదు. వివరణల పాట సాహిత్యం అంతా తెలుగుల పెట్టుండ్రి. కోరస్ చెప్పేవాళ్లు ఫోన్ పట్టుకొని చూసి పాడేది దాన్నే. శీర్షిక తెలుగుల, పక్కన ఇంగ్లీష్ అక్షరాల్ల కూడా. వెతికేటోళ్లల్ల ఎక్కువమంది ఇంగ్లీష్ అక్షరాలతోనే టైప్ చేస్తరు.

దేవరకొండ లెక్కలు
పన్ను, డబ్బు చేతికొచ్చే విషయం ఎవరూ ఎత్తలేదు, రెండు మూడు మాటలు.

యూట్యూబ్‌లో అమెరికా పన్ను ఫారం నింపండి. నింపకపోతే మొత్తం ఆదాయంలో 24 శాతం దాకా కోసే అవకాశం ఉంది. నింపి భారత్–అమెరికా ఒప్పందం చూపిస్తే అమెరికాలో చూసినవాళ్ల మీద వచ్చిన దాంట్లోనే 15 శాతం. బతుకమ్మ పాటకు అక్కడి తెలుగువాళ్ల వ్యూస్ బాగానే ఉంటాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. యాడ్‌సెన్స్ పది డాలర్లు దాటగానే పిన్ ఉన్న ఉత్తరం పోస్టులో పంపుతుంది. ఊరి చిరునామాలో ఇంటి నంబరు, మండలం, పిన్‌కోడ్ సరిగా లేక ఆ ఉత్తరాలు తిరిగిపోతాయి. పోస్ట్‌మ్యాన్‌కు ముందే చెప్పి ఉంచండి. వంద డాలర్లు అయ్యేదాకా బ్యాంకులో పడదు.

స్టేజి ప్రోగ్రాంకు సంస్థలు పిలిస్తే టీడీఎస్ పట్టుకుంటాయి. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. జానపద, శాస్త్రీయ కళాప్రదర్శనకు ఒక్కో ప్రోగ్రాం పారితోషికం లక్షన్నర దాటనంతవరకు జీఎస్టీ మినహాయింపు ఉంది. "జీఎస్టీ బిల్లు లేకపోతే డబ్బులివ్వం" అని ఎవరన్నా అంటే ఈ మినహాయింపు చూపించండి.

"పది వేల రూపాయలకు లక్ష ప్లేలు" అనేవాళ్ల జోలికి వెళ్లకండి. 2024 నుంచి స్పాటిఫై దొంగ ప్లేలు దొరికితే డిస్ట్రిబ్యూటర్‌కు జరిమానా వేస్తోంది, వాళ్లు మీ ఖాతాలోంచి కోసుకుంటారు. అదే ఏడాది నుంచి 12 నెలల్లో వెయ్యి ప్లేలు రాని పాటకు అక్కడ రికార్డింగ్ రాయల్టీ లేదు.

దురాజ్‌పల్లి సౌండ్ (సూర్యాపేట)
స్టేజి గురించి అడిగిన్రు గద. మొదలు కరెంటు చెప్త, చప్పుడు తర్వాత.

జాతర టైమ్‌ల ఊరి లైన్ మీద వోల్టేజీ బాగా పడిపోతది. అంతకన్న పెద్ద ప్రమాదం ఎర్తింగ్ లేకపోవుడు. కీబోర్డు ఒక బోర్డుల, సౌండ్ మిక్సర్ ఇంకో బోర్డుల పెడితే, రెండు వేరే ఫేజులైతే, ఎర్తింగ్ లేకపోతే, సింగర్ పెదవి మైకుకు తాకంగనే షాక్ కొడ్తది. వాన పడ్డ స్టేజి మీద వట్టి కాళ్లతోని నిలబడి డప్పు కొట్టేటోళ్లకు ఇది ప్రాణం మీది సంగతి. కీబోర్డు, ల్యాప్‌టాప్, మిక్సర్ అన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకోవాలె. మల్టీమీటర్‌తోని న్యూట్రల్‌కు, ఎర్త్‌కు నడుమ చూడాలె. రెండు మూడు వోల్టుల లోపల ఉంటే సరే. పదులల్ల చూపిస్తే అక్కడ ఎర్తింగ్ లేనట్టే. నేలల రాడ్ కొట్టి నీళ్లు పోసి కొత్త ఎర్త్ ఇయ్యాలె, లేదంటే జెనరేటర్ పెట్టాలె. జెనరేటర్‌కు కూడా ఎర్త్ రాడ్ వేరే కావాలె.

ల్యాప్‌టాప్ నుంచి మైనస్ ట్రాక్ ఇడిస్తే చార్జర్ పెట్టంగనే "జుయ్" మంటది. డీఐ బాక్సుల (ల్యాప్‌టాప్‌కు, మిక్సర్‌కు నడుమ పెట్టే డబ్బా) గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కుండ్రి. డీఐ లేకుంటే పాట నడిచినంతసేపు చార్జర్ తీసేయండి. ఆ "జుయ్" పోవాలని ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొట్టేటోళ్లున్నరు, అది మాత్రం ఎన్నడూ చేయొద్దు.

డప్పు. మూడు డప్పులకు మూడు మైకులు అడగొద్దు. డప్పు సొంతంగనే మైదానంల వినిపిస్తది. ముగ్గురినీ అర్ధచంద్రాకారంగ నిలబెట్టి నడుమ ఒక డైనమిక్ మైకు, ఛాతీ ఎత్తుల, రెండు మూడు అడుగుల దూరంల. చిర్ర (లావు కర్ర) దెబ్బ, సిటికెన పుల్ల (సన్న పుల్ల) గలగల రెండూ అక్కడ సమంగ అందుతయి. మరీ దగ్గర పెడితే ఒక్కరి చిర్రనే కొడ్తది, పుల్ల పోతది. డప్పులు సింగర్ వెనుక కాదు, పక్కకు ఉండాలె. వెనుక నిలబడితే సింగర్ మైకులకు గొంతుకన్న డప్పే ఎక్కువ పోతది. ఇగ ఎంత పెంచినా గొంతు బయటికి రాదు. డోలక్‌కు రెండు వైపుల రెండు మైకులు ఉంటే మంచిది. ఒక్కటే ఉంటే బేస్ వైపు.

మాఘమాసం రాత్రి మంచుకు తోలు అరగంటల సడలుతది. మంట కావాల్నని ముందే చెప్పి జాగ చూపించుకోండి. జెనరేటర్‌కు, డీజిల్ డబ్బాకు దూరంగ, గాలికి కింది వైపు. మూడు డప్పుల్నీ ఒకేసారి కాగబెట్టొద్దు. రెండు పాటలకు ఒకటి చొప్పున తిప్పుకుంటే వాయిద్యం ఆగదు.

మైకు కూత: సింగర్లు మైకు తలను పిడికిట్ల మూస్తే ఆ మైకు అన్ని దిక్కులా వింటది, కూత మొదలైతది. కర్ర మీదనే పట్టుకోవాలె. మానిటర్ బాక్సు (సింగర్‌కు వినిపించే స్పీకర్) మైకు తోక వైపు ఉండాలె. మెయిన్ బాక్సులు స్టేజి అంచుకన్న ముందే ఉండాలె. వాటి ముందుకు పోయి జనంల పాడాల్నని సింగర్ అనుకుంటే సౌండ్ అతనికి ముందే చెప్పాలె. గొంతు ఛానెల్‌కు 100 హెర్ట్జ్ కింద కట్ చేయిస్తే గాలి దెబ్బ, స్టేజి తొక్కుడు పోతయి.

పానగల్లు ఉయ్యాల
మస్తు థ్యాంక్స్ అన్నా. ఒక పాటకు కిన్నెర కూడా తెద్దామనుకుంటున్నం.

దురాజ్‌పల్లి సౌండ్
కిన్నెర చప్పుడు చాలా చిన్నది. 12 మెట్ల కిన్నెర మొగులయ్యకు 2022ల, బుర్రవీణ కొండప్పకు 2024ల పద్మశ్రీలు వచ్చినంక ఊర్లల్ల అడుగుతున్నరు గానీ, డప్పుతో పాటు పెడితే ఎవ్వరికీ వినపడదు. చిన్న క్లిప్ మైకు సొరకాయ బుర్ర దగ్గర పెట్టి, ఆ పాటకు డప్పు, కీబోర్డు ఆపేయండి. ప్రోగ్రాం మొదట్లనే పెట్టుండ్రి. గంటసేపు డప్పు విన్న చెవికి కిన్నెర ఆనదు.

టైము కూడా చూసుకోండి. మైకు పర్మిషన్ పోలీస్ స్టేషన్‌ల రాతమూలకంగ కమిటీ తీసుకోవాలె, కాపీ మీ దగ్గర ఉండాలె. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక లౌడ్ స్పీకర్ బంద్. ప్రభుత్వం ఏడాదికి 15 రోజుల వరకు అర్ధరాత్రి దాక సడలింపు ఇయ్యొచ్చు, ఆ రోజు దాంట్ల ఉన్నదా లేదా కనుక్కోండి. ఎనిమిదికి మొదలు అంటే ఊర్లల్ల తొమ్మిదిన్నర అయితది, అరగంటకే బంద్ చేయమంటరు, కమిటీ సగం డబ్బులే ఇస్తమంటది. అందుకే సగం అడ్వాన్సు, మిగతాది స్టేజి ఎక్కే ముందు. ఆలస్యం కమిటీదైతే పైసలు తగ్గవని వాట్సాప్ మెసేజ్‌లనన్న ఒప్పించుకోండి.

మిర్యాలగూడ రోడ్‌షో
జాతరల పెన్‌డ్రైవ్‌లు కూడా అమ్ముండ్రి. ట్రాక్టర్లల్ల, ఆటోలల్ల నెట్‌తోని పాట వినరు. ఫ్యాట్32ల ఫార్మాట్ చేయాలె. వేవ్ ఫైల్ ఆ సెట్లల్ల పాడదు, ఎంపీ3 కావాలె. పేర్లు ఇంగ్లీష్ అక్షరాల్ల, ముందు 01, 02. చాలా సెట్లు పేరు వరుసల కాదు, కాపీ చేసిన వరుసల పాడ్తయి. అందుకని ఒక్కొక్క పాట వరుసగ కాపీ చేయాలె. మీ సొంత పాటలే నింపుండ్రి. సినిమా పాటలు కలిపితే కేసు మీ మీద పడ్తది. కవర్ మీద క్యూఆర్ కనీసం ఒక అంగుళం, మెరిసే కాగితం వద్దు, ట్యూబ్‌లైట్ కింద స్కాన్ కాదు.

పానగల్లు ఉయ్యాల
ఛానెల్ వాళ్లతోని మాట్లాడిన. వీడియో లైసెన్స్‌కు సరే అన్నరు, కానీ కంటెంట్ ఐడీ తమకే కావాలంటున్నరు.

హక్కుల కాగితం
అయితే ఇలా రాయించండి: కంటెంట్ ఐడీ ఆడియో రిఫరెన్స్ (పోల్చి చూసేందుకు ఇచ్చే ఫైల్) మీ డిస్ట్రిబ్యూటర్ నుంచే. ఛానెల్ తన వీడియోలోని దృశ్యానికి మాత్రమే రిఫరెన్స్ ఇస్తుంది. వాళ్ల వీడియో లింకును మీరు అనుమతి జాబితాలో పెడతారు, దాని మీద వచ్చే యాడ్ సొమ్ము లైసెన్స్ కాలమంతా వాళ్లదే. మూడేళ్ల తర్వాత వీడియో తీసేయాలా, లేక ఉంచి ఆ రోజు నుంచి సొమ్ము మీకు రావాలా అన్నదీ రాయండి. ఉంచడమే మేలు, తీసేస్తే వ్యూస్, కామెంట్లు అన్నీ పోతాయి. దీనికి ఒప్పుకోకుండా ఆడియో రిఫరెన్సే కావాలంటే వాళ్లు అడిగేది వీడియో కాదు, మాస్టర్. అప్పుడు ధర వేరే మాట్లాడాలి.

కల్వకుర్తి కోరస్
తమ్మీ, ఆ కాగితం మీద రాసినావిడ సంతకం, బాణీ కట్టినాయన సంతకం కూడా ఉండాలె. నువ్వొక్కనివి పెడితే చెల్లదు.

పానగల్లు ఉయ్యాల
సరే అక్కా. ఐతారం అందరం పానగల్లు చెరువు కట్ట మీద కలుస్తున్నం. ముందు మా వాటాల కాగితం, తర్వాతనే వాళ్లది.